గోడ కింది మనిషి

అమ్మాయీ,

ఆశీస్సులు. శ్రీకృష్ణదేవరాయల రాయచూరు యుద్ధం మీద నువ్వు రాసిన నవల రాతప్రతి పోయిన వారం అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి, రెండోసారి పెన్సిలు చేతబట్టి. నీకు భాష ఉంది. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు. ఆ నమ్మకంతోనే మొహమాటం లేకుండా రాస్తున్నాను. మొదటి నలభై పేజీల్లో కత్తులు మెరిశాయి, గుర్రాలు సకిలించాయి, నెత్తురు ఏరులై పారింది. ఒక్కరికీ దాహం వేయలేదు. రాయచూరులో, మే నెలలో, అంత దండులో ఒక్క మనిషికీ దాహం వేయలేదు.

రాయల దండు వెంట తోలుతిత్తులతో నీళ్ళు మోసేవాళ్ళు వేల మంది నడిచారని విదేశీ వర్తకుడు న్యూనిజ్ రాశాడు. దారి పొడవునా నిలబడి, నీళ్ళు తెచ్చిపెట్టే దిక్కులేని వాడికి నీళ్ళు పోయడం వాళ్ళ పని. దాహంతో ఎవరూ ప్రాణం విడవకూడదని చేసిన ఏర్పాటు అది. నువ్వు సేనానుల పేర్లన్నీ వరసగా రాశావు, ఎవరి వెంట ఎన్ని ఏనుగులో కూడా రాశావు. ఆ తిత్తి మోసినవాడిని ఒక్కడినైనా పిలిచి ఒక పేజీలో నిలబెట్టి ఉంటే, ఆ ఎండ నాకు తగిలేది.

న్యూనిజ్‌ను నువ్వు చదివావని తెలుస్తూనే ఉంది. కానీ ఆత్రంగా చదివావు. ఆయన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. ఆ రాతలు పారిస్ గ్రంథాలయంలో పడి ఉంటే 1897లో అచ్చుకెక్కాయి. 1900లో రాబర్ట్ సూయల్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. వర్తకుడి కన్ను కవి కన్ను లాంటిది కాదు; ఏ వస్తువు ఎంత పలికింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మోశారు అని చూస్తుంది. మనలాంటి వాళ్ళకు ఆ కన్నే కావాలి. ఆయన లెక్క ప్రకారం రాయల దండులో 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. నువ్వు ఆ అంకెలను అలాగే ఎత్తి రాశావు. అవి చదివేవాడి కళ్ళ ముందు నిలవవు. అదే న్యూనిజ్, ఇన్ని గుర్రాలకు, ఏనుగులకు, సామాను మోసే ఎద్దులకు, గాడిదలకు రోజూ ఎంత గడ్డి కావాలో మీరే ఊహించుకోండి అన్న అర్థంలో ఒక మాట రాశాడు. గుర్రానికి రోజుకు పది కిలోల మేత వేసుకో. ఒక్క గుర్రాలకే మూడు లక్షల కిలోలు దాటింది. అదీ ఎండాకాలంలో. ఆ గడ్డి ఎవరు కోశారు? ఏ ఊరి పొలం బోడి అయింది? కాల్బలం అంకెను నేను అక్షరాలా నమ్మను. గడ్డి గురించిన మాటను నమ్ముతాను. నీ నవలలో ఒక అధ్యాయం అందులో దాగి ఉంది.

ఇక యుద్ధం ఎందుకు వచ్చిందన్న సంగతి. నీ కథలో పౌరుషంతో మొదలైంది. పౌరుషం ఉంది, కాదనను. అంతకు ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు పోతూ పోతూ మూడు కోటలు తీసుకోవలసి మిగిలాయని చెప్పి పోయాడట: ఉదయగిరి, కొండవీడు, రాయచూరు. మొదటి రెండూ మన నెల్లూరు, గుంటూరు సీమల్లోనివి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఒకటి, 1515లో మరొకటి ఒడిశా గజపతుల నుంచి తీసుకున్నాడు. కృష్ణా తుంగభద్రల నడిమి నేలలో ఉన్న రాయచూరు మిగిలింది. అది బీజాపూరు ఆదిల్‌షాహీల చేతిలో ఉంది. కానీ కయ్యానికి కాలు దువ్వడానికి సాకు కావాలి కదా. ఆ సాకు గుర్రాల సొమ్ము. గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని రాయలు సయ్యద్ మరైకార్ అనే వర్తకుడికి నలభై వేల పర్దావులు, అంటే బంగారు నాణేలు, ఇచ్చి పంపాడు. అతను ఆ సొమ్ముతో సహా ఆదిల్‌షా పంచన చేరాడు. మనిషినీ సొమ్మునూ అప్పగించమని రాయలు అడిగాడు, వాళ్ళు అప్పగించలేదు.

ఆ వర్తకుడిని నువ్వు ఒక్క వాక్యంలో ద్రోహి అని దాటేశావు. అతని దగ్గర ఆగు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పిన చోట రాయలే అంటాడు: ఏనుగులూ మేలుజాతి గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళు, మంచి ఇళ్ళు ఇవ్వాలి, రోజూ కొలువులో పలకరించాలి, లాభం దక్కేలా చూడాలి, ఆ సరుకు పగవాడికి పోకుండా చూసుకోవాలి అని. ఆ మాట అన్న రాజుకు ఒక గుర్రాల వర్తకుడు చెయ్యిచ్చాడు. ఆ గాయం ఎంత లోతైనదో నువ్వు రాయగలవు. రాజు ఏకాంతంగా కూర్చున్న ఒక రాత్రి చాలు.

ఇప్పుడు కోట దగ్గరికి వద్దాం. అసలు ఈ ఉత్తరం దానికోసమే.

నీ రాతప్రతిలో ముట్టడికి అర పేజీ, యుద్ధానికి నలభై పేజీలు. జరిగింది చూస్తే ముట్టడి మూడు నెలలు, యుద్ధం ఒక్క రోజు. ముట్టడి అంటే సగం ఎదురుచూపే. లోపలివాళ్ళు బయటివాళ్ళ గడ్డి ఎప్పుడు అయిపోతుందా అని చూస్తారు, బయటివాళ్ళు లోపలివాళ్ళ గింజలు ఎప్పుడు అయిపోతాయా అని చూస్తారు. రాయచూరులో లోపలివాళ్ళదే పైచేయి. ఐదేళ్ళకు సరిపడా తిండి ఉంది. కొండ నెత్తిన ఏడాది పొడవునా ఎండని ఊట ఉంది, అంత ఎత్తున నీళ్ళు ఎలా వస్తున్నాయో అని జనం దాన్ని మహిమగా చెప్పుకునేవాళ్ళు. కింద చెరువులు, బావులు. ఎనిమిది వేల మంది కాపలా, నాలుగు వందల గుర్రాలు, ఇరవై ఏనుగులు, పెద్ద ఫిరంగులే రెండు వందలు, బండలు విసిరే యంత్రాలు ముప్పై. బురుజులు ఎంత దగ్గర దగ్గరగా ఉండేవంటే, ఒక బురుజు మీద మాట్లాడితే పక్క బురుజు మీద వినిపించేదట. ఈ ఒక్క వివరం నీకు కానుక. రాత్రి కాపలాలో ఇద్దరు సైనికులు బురుజు నుంచి బురుజుకు ఏం మాట్లాడుకుంటారు? కింద చీకట్లో మన దండు నెగళ్ళు వెలుగుతుంటే, ఒకడికి తన ఊరి సంగతి గుర్తుకొస్తుంది. అలా రాస్తే శత్రువు మనిషి అవుతాడు.

గోడలు మూడు వరసలు. సున్నం వాడని పెద్ద రాతికట్టు, లోపల మట్టి దట్టించారు. దాన్ని కూల్చేంత ఫిరంగి బలం రాయల దగ్గర లేదు. అప్పుడు ఏం చేశారు? మనుషులు గడ్డపారలు పట్టుకుని గోడ కిందికి వెళ్ళారు. పై నుంచి గుండ్లు, బాణాలు, బండలు పడుతుంటే ఒక్కో రాయినే పెళ్ళగించడం మొదలుపెట్టారు. కుప్పలుగా చచ్చిపోయారు. అప్పుడు సేనానులు రాళ్ళను కొనడం మొదలుపెట్టారు. పెళ్ళగించి తెచ్చిన రాయికి దాని పరిమాణాన్ని బట్టి పది పణాలు, ఇరవై, ముప్పై, నలభై, యాభై పణాల దాకా ఇచ్చారు.

అమ్మాయీ, ఈ ధరల పట్టీని నేను మొదటిసారి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మనిషిని చూడు. నడుముకు గుడ్డ బిగించుకున్నాడు. గోడకు వీపు ఆనించి నిలబడితే పైనుంచి పడేది కొంచెం తప్పుతుంది. గడ్డపార మొనను రెండు రాళ్ళ సందులో దూర్చాడు. సున్నం లేదు కాబట్టి సందు దొరికింది. ఏ రాయిని ఎంచుకోవాలి? పదిపణాల రాయి త్వరగా వస్తుంది, ప్రాణంతో బయటపడవచ్చు. యాభైపణాల రాయి కావాలంటే ఇంకా ఎంతోసేపు అక్కడే ఉండాలి. రాయి ఊడాక దాన్ని మోసుకుంటూ మళ్ళీ అంత మేరా వెనక్కి రావాలి, అప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు, డాలు పట్టలేడు. పక్కన గంట క్రితం వచ్చినవాడు పడి ఉన్నాడు, వాడి రాయి వాడి పక్కనే ఉంది. ఆ రాయిని తీసుకోవచ్చా? దాని ధర ఎవరిది? మూడు నెలల ముట్టడి మొత్తం ఈ ప్రశ్నలో ఉంది. దీనికోసం నువ్వు ఇరవై పేజీలు ఖర్చు పెట్టినా నేను విసుక్కోను.

నేను ఆ కోటకు వెళ్ళింది ఎండాకాలంలోనే. లోపలి ప్రాకారపు పడమటి గోడలో ఒక రాయి ఉంది, పొడవు నలభై అడుగుల పైనే. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. కాకతీయుల కాలంలో గోరె గన్నయ రెడ్డి ఏలుబడిలో విఠలుడనే మంత్రి ఈ కోట కట్టించాడు. శాసనం పక్కనే గీతల్లో ఒక బొమ్మ చెక్కారు: అంత పెద్ద రాయినీ బండి మీదికి ఎక్కించారు, ముందు పశువుల జతలు లాగుతున్నాయి, మనుషులు తోలుతున్నారు. రాజు బొమ్మ కాదు, రాయిని తెచ్చిన తీరు బొమ్మ. నేను అరచెయ్యి ఆనించాను, పొద్దున పదింటికే కాలుతోంది. ఏడు వందల ఏళ్ళ కిందటి ఒక తెలుగు శిల్పికి, ఈ రాయి ఇక్కడికి ఎలా వచ్చిందో తర్వాతివాళ్ళకు తెలియాలి అనిపించింది. రెండు వందల ఏళ్ళు దాటాక అదే కోట గోడల కింద మరో దండు రాయికింత అని ధర కట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నీ పుస్తకం రాయి. నువ్వు అక్కడికి ఇంకా వెళ్ళలేదని మూడో అధ్యాయంలోనే అర్థమైంది. వెళ్ళినవాళ్ళు కోటను ‘ఆకాశాన్నంటే’ అని ఊరుకోరు.

యుద్ధం మీద నాకున్న మాటలు తక్కువే. ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చి కందకం తవ్వుకుని దిగాడు. శుక్రవారం మంచిది కాదని మంత్రులు అంటే రాయలు శనివారం దాకా ఆగాడు. న్యూనిజ్ ఆ ఏడు 1522 అన్నాడు. సూయల్ తిథివారాలు లెక్క కట్టి అది 1520 మే 19 అని తేల్చాడు. తెల్లవారుతూనే ముందు వరస విరుచుకుపడి శత్రువును కందకాల దాకా తరిమింది. అప్పుడు ఆదిల్‌షా ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి. ముందు వరస చెదిరి, వెనక్కి తిరిగి పరుగు తీసింది. ఇక్కడి నుంచి నువ్వు రాయలను దేవుణ్ణి చేశావు. న్యూనిజ్ ఏం చెప్పాడో మళ్ళీ చూడు. రాయలు వేలి ఉంగరం తీసి ఒక పరిచారకుడి చేతిలో పెట్టాడు, తాను పోతే రాణులకు అది ఆనవాలుగా చూపించమని, వాళ్ళు సహగమనం చేయాలని. గుర్రం ఎక్కాడు. పారిపోయి వస్తున్న తన మనుషులను దయ చూపకుండా నరకమని ఆజ్ఞ ఇచ్చి ముందుకు కదిలాడు.

నువ్వు ఉంగరాన్ని ఉంచి ఆజ్ఞను తీసేశావు. నీ ప్రేమ నాకు అర్థమవుతుంది. రాయలంటే మనకు అష్టదిగ్గజాలు, భువనవిజయం, ‘దేశభాషలందు తెలుగు లెస్స’. అయినా ఆ ఆజ్ఞను తీసేయకు. తీసేస్తే సాయంత్రం నది ఒడ్డున జరిగిన దానికి బరువు ఉండదు. ఆదిల్‌షా దండు విరిగి కృష్ణలోకి పరుగెత్తింది. నీళ్ళలో ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా నరుకుతుంటే రాయలే ఆపించాడు. సేనానులు వద్దన్నారు, నది దాటి తరమాలన్నారు. ఏ తప్పూ చేయనివాళ్ళు ఇప్పటికే ఎందరో చనిపోయారు, రాయచూరు ఇంకా వెనకే ఉంది, తిరగండి అన్నాడు. పొద్దున తనవాళ్ళనే నరకమన్న నోరు, సాయంత్రం పరాయివాళ్ళను చంపవద్దన్న నోరు ఒకటే. ఈ రెండింటినీ ఒకే మనిషిలో ఇమిడ్చి చూపించు. అలా చూపించినంత మాత్రాన రాయలు చిన్నవాడు కాడు.

దోపిడీ లెక్కలు నువ్వు సరిగ్గానే రాశావు: నాలుగు వేల గుర్రాలు, నూరు ఏనుగులు, నాలుగు వందల పెద్ద ఫిరంగులు. పక్కనే ఇంకో లెక్క కూడా రాయి. రాయల వైపు చనిపోయినవాళ్ళు పదహారు వేల పైచిలుకు అని అదే న్యూనిజ్ చెప్పాడు.

ఇంకో సాక్షి ఉన్నాడు, ఆయన నీ రాతలో ఎక్కడా లేడు. ఫిరిస్తా. బీజాపూరు కొలువులో ఉండి, ఈ యుద్ధమైన ఎనభై తొంభై ఏళ్ళకు పారసీలో చరిత్ర రాశాడు. ఆయన కథలో మూడు నెలల ముట్టడే లేదు. రాయచూరు అప్పటికే రాయల చేతిలో ఉందట, ఆదిల్‌షా దాన్ని తిరిగి తీసుకోవడానికి ఏడు వేల గుర్రాలతో వచ్చాడట. గుడారంలో పాట, మద్యం. ఆ మత్తులో, తెప్పలన్నీ సిద్ధం కాలేదని చెప్పినా వినకుండా ఏనుగెక్కి నది దాటి చిత్తుగా ఓడిపోయాడట. రాయచూరు తిరిగి దక్కేదాకా మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడట. ముట్టడి విషయంలో నేను న్యూనిజ్ వైపే. పదిహేనేళ్ళ జ్ఞాపకానికీ తొంభై ఏళ్ళ వినికిడికీ తేడా ఉంటుంది. కానీ ఫిరిస్తాను పారేయకు. ఓడినవాళ్ళ ఇంట్లో ఓటమిని ఎలా చెప్పుకుంటారో అందులో ఉంది. మా రాజు చేతగాక ఓడలేదు, ఆ రోజు తాగి ఉన్నాడు అని చెప్పుకున్నారు. ఇది ఏ కుటుంబానికైనా తెలిసిన మాటే.

ఆదిల్‌షాను నువ్వు మీసాలు మెలేసే రాక్షసుడిగా రాశావు, అదే నాకు కష్టంగా ఉంది. ఆ ఇస్మాయిల్ ఆదిల్‌షా అప్పటికి ఇరవై దాటిన యువకుడు. 1510లో చిన్నపిల్లవాడిగా గద్దె ఎక్కాడు. సంరక్షకుడిగా ఉన్న కమాల్‌ఖాన్ రాజ్యం కాజేయబోతే తల్లి బూబూజీ ఖానమ్, మేనత్త వరసైన దిల్షాద్ ఆగా కోటలో నిలబడి కాపాడారు. ఆ తల్లి మరాఠా ఆడపడుచు. ఇక మతాల యుద్ధం అని నువ్వు పదేపదే రాసిన మాట తీసెయ్యి. ఆదిల్‌షా సేనాని సలాబత్‌ఖాన్ వెంట ఐదు వందల మంది పోర్చుగీసులు పోరాడారు. రాయల వైపు చివర్లో వచ్చి చేరినవాళ్ళూ పోర్చుగీసులే. రాయలు నమ్మి సొమ్ము చేతిలో పెట్టింది ఒక ముస్లిం వర్తకుడికి. ఆ కాలపు మనుషులు ఉప్పు తిన్న చోట నిలబడ్డారు, లేదా లాభం ఉన్న చోట. అందరినీ రెండు రంగులుగా విడదీస్తే రాసే పని సులువవుతుంది, కాని ఆ కాలం మన చెయ్యి జారిపోతుంది.

చిన్న విషయం, కానీ చెప్పాలి. ఐదో అధ్యాయంలో నీ సైనికుడు జొన్నరొట్టెలో మిరపకాయ నంజుకున్నాడు. మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసుల ఓడల్లో వచ్చింది, ఆనాటికి దండులో మామూలు సైనికుడి మూటలోకి చేరలేదు. కారమంటే మిరియమే. నా మొదటి చారిత్రక కథలో నేనూ ఈ తప్పే చేశాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు రాశాడు. మీ యుద్ధం అంతా బాగుంది, ఆ మిరపకాయ దగ్గర కథ మీద నమ్మకం పోయింది అని. ఆ కార్డు చాలా ఏళ్ళు నా బల్ల అద్దం కింద ఉంది. వేరుశనగ, టమాటా, బంగాళాదుంప కూడా అంతే, ఎక్కడైనా దొర్లాయేమో చూసుకో. జొన్నరొట్టెకు ఢోకా లేదు, ఉంచు.

ముగింపు. నువ్వు విజయంతో నది ఒడ్డున ఆపేశావు. కానీ కోట ఇంకా పడలేదు కదా. రాయలు వెనక్కి వచ్చాడు, మళ్ళీ అదే గోడ, అవే గడ్డపారలు. అప్పుడు గుర్రాలు అమ్ముకోవడానికి క్రిస్తోవావో ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసు వచ్చాడు, వెంట ఇరవై మంది తుపాకీవాళ్ళు. గోడ మీది కాపలావాళ్ళు ఏ భయమూ లేకుండా తలలు బయట పెట్టి తిరగడం చూశాడు. వాళ్ళు అప్పటిదాకా అలా తిరిగినా ఏమీ కాలేదు. తుపాకులు పేలడం మొదలయ్యాక తలలు లోపలికి పోయాయి. కింద మనవాళ్ళకు రాళ్ళు పీకే పని సులువైంది. ఇంతకీ ఆ పోర్చుగీసులు ఎక్కడి నుంచి కాలుస్తున్నారో చూద్దామని కోట అధికారి స్వయంగా వచ్చి గోడ సందులోంచి తల బయట పెట్టాడు. గుండు నుదుటి నడుమ తగిలింది. మర్నాడు కోట లొంగిపోయింది. గుర్రాల వర్తకుడితో మొదలైన యుద్ధం గుర్రాల వర్తకుడితోనే తీరింది. చరిత్ర తనంతట తాను ఇంత చక్కటి కూర్పు ఇస్తే నువ్వు వదిలేశావు.

ఆ తర్వాత సంధి అడగవచ్చిన రాయబారితో, ఆదిల్‌షా వచ్చి నా పాదం ముద్దు పెట్టుకుంటే అడిగినవన్నీ తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు రాయలు. ఆ మాట నీ పుస్తకంలో ఉండి తీరాలి. 1529లో రాయలు పోగానే ఇస్మాయిల్ రాయచూరును తిరిగి తీసుకున్నాడు, ఒట్టు తీరిందని మద్యం ముట్టాడని ఫిరిస్తా రాశాడు. దీన్ని పొడిగించకు, ఒక్క పేరా చాలు.

నీ రాతప్రతిని విడిగా పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలు గుర్తులున్నాయి, నచ్చనివి చెరిపెయ్యి. రాయచూరుకు మాత్రం వెళ్ళి రా, ఎండాకాలంలోనే వెళ్ళు. నీళ్ళ సీసా తీసుకెళ్ళు, కానీ పైన కొండ ఎక్కేదాకా తాగకుండా ఉండగలవేమో చూడు. ఆ వెళ్ళిన రోజున ఎక్కడ కూర్చున్నా సరే, గోడ కింద గడ్డపార పట్టిన ఆ మనిషి దగ్గర మొదలుపెట్టి పది పేజీలు రాయి. సేనానులందరికీ పేర్లున్నాయి, వాడికి లేదు. వాడిది ఏ ఊరో, వాడి ఇంట్లో ఎవరున్నారో, యాభై పణాలతో ఏం కొందామనుకున్నాడో నీకు తెలిసిన రోజున నాకొక ఉత్తరం ముక్క పంపు. అందులో ముందు వాడి పేరు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు